నెబ్రాస్కాలో తొలి సాగుదారుల మ్యూజియంలు: ఒక్క రోజే ఉంటే ఎక్కడికి వెళ్లాలి?

ఒమాహా నుంచి డెన్వర్‌కు కారులో బయలుదేరే తెలుగు కుటుంబాలు సాధారణంగా నెబ్రాస్కాను ఎంత త్వరగా దాటితే అంత మేలనుకుంటాయి. ఇంటర్‌స్టేట్ 80 మీద గంటల తరబడి మొక్కజొన్న చేలు, ధాన్యం నిలవచేసే ఎత్తైన గాదెలు, వాటిపైన ఆకాశం తప్ప మరేమీ కనబడవు కాబట్టి ఆ తొందరను తప్పుపట్టడానికి లేదు. అయితే ఆ రహదారికి అటూ ఇటూ ఉన్న చిన్న ఊళ్లలో, పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఈ గడ్డి మైదానానికి వచ్చి సాగు మొదలుపెట్టినవారి బతుకును చూపించే మ్యూజియంలు ఉన్నాయి. ఆసక్తితో వాటిని వెతుక్కుంటూ వెళ్లినవారికి కూడా అన్నీ చూసే సమయం ఉండదు. ఒకటి ఎంచుకోవలసి వస్తుంది, ఆ ఎంపిక సరిగా కుదరకపోతే పిల్లలు విసిగిపోతారు, పెద్దలు అలసిపోతారు, "పాత సామాన్లు చూసి వచ్చాం" అన్న మాటతో ప్రయాణం ముగుస్తుంది. ఆ ఇబ్బంది రాకుండా చూడాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇక్కడ నాలుగింటిని పోల్చుతున్నాను. బియాట్రిస్ పట్టణం పక్కనున్న హోమ్‌స్టెడ్ నేషనల్ హిస్టారికల్ పార్క్, గ్రాండ్ ఐలండ్‌లోని స్టూర్ మ్యూజియం, మిండెన్‌లోని హెరాల్డ్ వార్ప్ పయనీర్ విలేజ్, బ్రోకెన్ బౌలోని కస్టర్ కౌంటీ చరిత్ర సంఘం మ్యూజియం. వీటిలో గ్రాండ్ ఐలండ్ కొంచెం పెద్ద ఊరే అయినా, తక్కిన మూడూ మన మండల కేంద్రాల స్థాయి ఊళ్లకు మించవు. నాలుగూ దాదాపు ఒకే కాలాన్ని చూపిస్తాయి. కానీ ఒకటి భూమి పట్టా గురించి చెబితే, ఒకటి ఊరి గురించి, ఒకటి వస్తువుల గురించి, మరొకటి మనుషుల ముఖాల గురించి చెబుతుంది. మీకు ఏ ప్రశ్న ఉందో తెలిస్తే ఎంపిక సగం పూర్తయినట్టే.

ముందుగా నేపథ్యం కొంత చెప్పాలి, ఎందుకంటే ఇది తెలియకుండా లోపలికి వెళ్తే ఈ నాలుగింటిలో ఏదీ అర్థం కాదు. 1862 మే 20న అధ్యక్షుడు అబ్రహాం లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం ఇరవై ఒక్క ఏళ్లు నిండినవారు గానీ కుటుంబ పెద్దలు గానీ 160 ఎకరాల ప్రభుత్వ భూమికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఐదేళ్లపాటు అక్కడే ఇల్లు కట్టుకుని ఉండి, సాగు చేసి, సాక్షులతో నిరూపిస్తే ఆ భూమి సొంతమవుతుంది. రుసుములన్నీ కలిపి 18 డాలర్లు. పెళ్లికాని స్త్రీలు, భర్త లేని స్త్రీలు, బానిసత్వం నుంచి విడుదలైనవారు, అమెరికా పౌరులవుతామని ప్రకటించిన వలసదారులు కూడా అర్హులే. మన బంజరు భూముల పట్టాల సంగతి తెలిసినవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. కొత్తగా అనిపించేది విస్తీర్ణమే. చట్టం అమల్లో ఉన్న నూరేళ్లకు పైబడిన కాలంలో సుమారు 16 లక్షల మందికి పట్టాలు వచ్చాయి, అమెరికా మొత్తం నేలలో దాదాపు పదో వంతు ఇలా చేతులు మారింది, నెబ్రాస్కాలోనైతే 45 శాతం నేల ఈ చట్టం కిందే పంపకమైంది.

పౌరసత్వం షరతు దగ్గర తెలుగు పాఠకులు ఒక్క క్షణం ఆగడం అవసరం. భగత్ సింగ్ థిండ్ కేసులో 1923లో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పునిచ్చింది. 1946లో చట్టం మారే దాకా ఆ దారి మూసుకుపోయింది. పౌరసత్వం దారి లేనివారికి ఈ భూమి దారీ లేదు. అంటే ఈ మ్యూజియంలలో మనం చూసేది మనలాంటివారికి అందుబాటులో లేని ఒక అవకాశం కథ. అంతకంటే పెద్ద విషయం, ఆ భూమి ఖాళీగా ఉన్న భూమి కాదు. పానీ, ఓటో-మిసూరియా వంటి తెగలు తరతరాలుగా బతికిన నేల అది. ఒప్పందాల పేరుతో ముక్కలు ముక్కలుగా తీసుకుని, చివరకు వారిని ఇప్పటి ఓక్లహోమా ప్రాంతానికి పంపివేశారు. ఏ మ్యూజియం ఈ సంగతిని ఎంత నిజాయితీగా చెబుతుందన్నది కూడా నా పోలికలో ఒక కొలత.

బియాట్రిస్‌తో మొదలుపెడతాను. ఊరి పేరును అక్కడివారు "బియాట్రిస్" అని "యా" మీద నొక్కి పలుకుతారు, వేరేలా పలికితే మర్యాదగా సరిదిద్దుతారు. లింకన్ నగరానికి దక్షిణంగా నలభై మైళ్ల దూరంలో ఉంది, పార్క్ ఊరికి నాలుగు మైళ్లు పడమరన ఉంది. ప్రవేశ రుసుము లేదు. నేషనల్ పార్క్ సర్వీస్ నిర్వహించే స్థలం కాబట్టి వివరణలు పద్ధతిగా, నమ్మదగినవిగా ఉంటాయి. 1863 జనవరి 1న చట్టం అమల్లోకి వచ్చిన రోజు, అర్ధరాత్రి దాటిన కొద్ది నిమిషాలకే బ్రౌన్‌విల్ భూమి కార్యాలయంలో దరఖాస్తు చేసుకున్నాడని చెప్పే డేనియల్ ఫ్రీమన్ అనే సైనికుడి 160 ఎకరాలే ఈ పార్క్. అతని సమాధి, భార్య ఆగ్నెస్ సమాధి కూడా అక్కడే ఉన్నాయి.

కారు దిగిన చోటే చూడవలసిన మొదటి వస్తువు ఉంది, చాలామంది దాన్ని గమనించకుండా లోపలికి వెళ్లిపోతారు. హెరిటేజ్ సెంటర్ ముందు వాహనాలు నిలిపే స్థలాన్ని సరిగ్గా ఒక ఎకరం ఉండేలా కట్టారు. ఆ చివర నుంచి ఈ చివరకు పిల్లలను నడిపించి, ఇలాంటివి నూట అరవై కలిపితే ఒక కుటుంబానికి వచ్చిన భూమి అని చెబితే, తర్వాత లోపల చదివే అంకెలకు అర్థం వస్తుంది. 2007లో ప్రారంభమైన ఆ భవనం పైకప్పును కూడా గడ్డినేలను చీల్చుకుంటూ పోతున్న నాగలి ఆకారంలో మలిచారు. దారి పక్కన ఒక గోడ మీద, హోమ్‌స్టెడ్ భూములున్న ఒక్కొక్క రాష్ట్రానికి ఒక్కొక్క రేకు నిలబెట్టి, ఆ రాష్ట్రంలో ఎంత శాతం నేల ఇలా పంపకమైందో అంత మేర కంత తెరిచారు. చదవకుండానే తెలిసిపోయే పద్ధతి ఇది.

అక్కడ నా మనసును ఎక్కువగా పట్టుకున్నది మాత్రం 1867లో కట్టిన పామర్-ఎపర్డ్ కొయ్య ఇల్లు. 14 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. మన అపార్ట్‌మెంట్లలో పెద్ద పడకగది అంత. లోపల పొయ్యి, మంచం, బల్ల పెట్టాక మనిషి తిరగడానికి మిగిలిన చోటు ఎంతో అక్కడ నిలబడితే గాని తెలియదు. నవంబరు నుంచి మార్చి దాకా బయట మంచు కురుస్తుండగా, ఒక కుటుంబం మొత్తం ఆ చోటులోనే వండుకుని, తిని, నిద్రపోయి, జబ్బుపడి, కోలుకునేది. గోడల దుంగల మధ్య సందుల్లో మెత్తిన సున్నపు పూత మీద చేయి పెట్టి చూడాలనిపిస్తుంది, కానీ ముట్టుకోకూడదు.

పార్క్‌లోనే ఫ్రీమన్ స్కూల్ అనే ఒంటిగది ఇటుక బడి కూడా ఉంది. 1872లో కట్టిన ఆ బడి 1967 వరకు నడిచింది. ఈ బడిలో బైబిల్ చదివించడం, ప్రార్థనలు చేయించడం తగదని అదే డేనియల్ ఫ్రీమన్ కోర్టుకు వెళ్లాడు, 1902లో నెబ్రాస్కా సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పునిచ్చింది. అప్పటికి అతను ముసలివాడు. తొలి పట్టాదారుగా పేరుపొందిన మనిషి చివరి రోజుల్లో ప్రభుత్వ బడికీ మతానికీ మధ్య గీత గీయించిన మనిషి కూడా కావడం ఆ బెంచీల మధ్య నిలబడి ఆలోచించదగ్గ విషయం. బడి దాటాక సుమారు వంద ఎకరాల గడ్డి మైదానం ఉంటుంది. 1939 నుంచి పనిగట్టుకుని తిరిగి పెంచిన సహజమైన పొడుగు గడ్డి అది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మనిషి ఎత్తును మించి పెరుగుతుంది. పట్టా అందుకున్నవాడు మొదటి రోజు చూసింది ఏమిటో తెలుసుకోవాలంటే ఆ గడ్డిలో అరగంట నడవాలి.

మూలవాసుల నేల చేజారిన సంగతిని ఈ నాలుగింటిలో సూటిగా, ప్రదర్శనలో ముఖ్యభాగంగా చెప్పేది ఈ పార్కే. ఇక ఈ కథ ముగింపు కూడా ఇక్కడే కనిపిస్తుంది. అలాస్కాలోని స్టోనీ నది ఒడ్డున 80 ఎకరాలకు 1988లో చివరి పట్టా పొందిన కెన్నెత్ డియర్‌డార్ఫ్ వాడిన ఆలిస్-చామర్స్ ట్రాక్టరును ఇక్కడ ఉంచారు. లోటు ఏమిటంటే ఇక్కడ చదవవలసింది ఎక్కువ. ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలకు ఎకరం స్థలం, కొయ్య ఇల్లు, గడ్డి బాట మూడూ నచ్చుతాయి గాని, లోపలి గదులు గంటసేపు కూడా కట్టిపడేయవు.

గ్రాండ్ ఐలండ్‌లోని స్టూర్ మ్యూజియం ఇందుకు పూర్తిగా భిన్నం. చుట్టూ నీళ్లున్న దిబ్బ మీద తెల్లటి స్తంభాలతో ఉన్న ప్రధాన భవనాన్ని ఎడ్వర్డ్ డ్యూరెల్ స్టోన్ రూపొందించారు. ఢిల్లీ చాణక్యపురిలోని అమెరికా రాయబార కార్యాలయం కూడా ఆయన రూపకల్పనే. ఢిల్లీలో ఆ భవనం 1959లో ప్రారంభమైతే, ఇది 1967లో తెరుచుకుంది. రెండింటినీ చూసినవారికి పోలిక తప్పకుండా తడుతుంది. అయితే స్టూర్‌కు వెళ్లవలసింది ఈ భవనం కోసం కాదు, దాని వెనక ఉన్న రైల్‌రోడ్ టౌన్ కోసం. 1890ల నాటి చిన్న రైలు ఊరును, ఆయా చోట్ల నుంచి తరలించి తెచ్చిన పాత ఇళ్లతో, దుకాణాలతో అక్కడ నిలబెట్టారు. వేసవి నెలల్లో ఆనాటి దుస్తుల్లో మనుషులు ఆ పనులు నిజంగా చేస్తూ కనిపిస్తారు. కమ్మరి కొలిమి దగ్గర ఇనుము కాలుస్తుంటాడు, రేకు పనివాడు డబ్బాలు అతుకుతుంటాడు, టోపీల దుకాణంలో ఆమె రిబ్బను కుడుతూ అడిగినదానికి జవాబు చెబుతుంది.

పిల్లలున్న కుటుంబాలకు నేను సందేహం లేకుండా ఇదే సూచిస్తాను. పిల్లలు బోర్డులు చదవరు, మనుషులను ప్రశ్నలు అడుగుతారు. కమ్మరి కొలిమి అంటే ఏమిటో ఎన్నడూ చూడని మన పిల్లలకు, కాలిన ఇనుము మీద సుత్తి పడినప్పుడు ఎగిరే నిప్పురవ్వలు పుస్తకం పాతికసార్లు చదివినదానికంటే ఎక్కువ చెబుతాయి. తాతలకు ఊళ్లో కమ్మరి ఉండేవాడని, కర్రు సాన పట్టించడానికి వెళ్లేవారమని చెప్పుకునే సందర్భం కూడా దానంతట అదే వస్తుంది. హాలీవుడ్ నటుడు హెన్రీ ఫోండా 1905లో పుట్టిన చిన్న ఇల్లు కూడా ఈ ఆవరణలోనే ఉంది. అతని అభిమానులు కానివారు దాన్ని చూసి సాగిపోవచ్చు.

స్టూర్‌లో హడావిడిగా దాటేయకూడనిది పానీ తెగవారి మట్టిగుడిసె నమూనా. కాటన్‌వుడ్ మాను స్తంభాలు, వాసాలు, వాటిమీద గడ్డి, ఆపైన మట్టి. నడుమ నిప్పుగుంట, దాని మీదుగా పొగ పోయే కంత, తూర్పు వాకిలి. బయట ఎండ మండుతున్నా లోపల చల్లగా ఉంటుంది. వలసదారులు వచ్చి కష్టపడి కనిపెట్టుకున్న మట్టి ఇంటి మేలు, ఆ నేల మీద అప్పటికే ఎంత బాగా తెలిసి ఉన్నదో ఆ చీకట్లో కాసేపు నిలబడితే అర్థమవుతుంది. అయితే ఈ గుడిసెకూ రైలు ఊరికీ మధ్య జరిగినదేమిటో స్టూర్ చెప్పే తీరు బియాట్రిస్ అంత గట్టిగా ఉండదని నా అభిప్రాయం. రెండింటి మధ్య నడిచే దారిలో ఆ సంగతి పిల్లలకు మనమే చెప్పుకోవాలి.

శీతాకాలంలో స్టూర్‌కు వెళ్లడం వృథా అనను గాని, రైలు ఊరిలో మనుషులు లేకపోతే దాని ప్రాణం పోయినట్టే. మార్చిలో ప్లాట్ నది మీదకు లక్షల సంఖ్యలో వచ్చి దిగే శాండ్‌హిల్ కొంగలను చూడటానికి చాలామంది గ్రాండ్ ఐలండ్, కార్నీ పరిసరాలకు వెళ్తుంటారు. అప్పుడు మ్యూజియంను కూడా కలుపుకుందామనుకునేవారు రైలు ఊరిలో ప్రదర్శనలు మొదలయ్యాయో లేదో ముందుగా కనుక్కోవడం మంచిది.

మిండెన్‌లోని పయనీర్ విలేజ్ గురించి అభిప్రాయాలు రెండుగా చీలిపోతాయి. రహదారికి పన్నెండు మైళ్లు దక్షిణాన ఉన్న ఈ మ్యూజియంను హెరాల్డ్ వార్ప్ 1953లో తెరిచాడు. మిండెన్ దగ్గరే గడ్డిపెళ్లల ఇంట్లో 1903లో పుట్టి, షికాగో వెళ్లి, కోళ్ల గూళ్లకు గాజు బదులు బిగించే ఫ్లెక్స్-ఓ-గ్లాస్ అనే ప్లాస్టిక్ షీటుతో వ్యాపారంలో ఎదిగిన మనిషి. తాను పుట్టినప్పటి లోకం తన కళ్ల ముందే మాయమైపోతున్నదన్న ఆదుర్దా అతనిది. ఇరవై ఎకరాల్లో 28 భవనాలు, 50 వేలకు పైగా వస్తువులు. నాగళ్లు, ట్రాక్టర్లు, వందలాది పాత కార్లు, దీపాలు, కుట్టు మిషన్లు, అన్నీ ఏది ముందు ఏది తర్వాత అన్న వరుసలో ఉంటాయి. 1830 నుంచి ఒకదాని పక్కన ఒకటిగా అమర్చిన వంటగదులు మాత్రం నిజంగా తీరిగ్గా చూడదగ్గవి. నిప్పు ఎక్కడుంది, నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, వంట చేసేవారు నిలబడుతున్నారా వంగుతున్నారా అన్న మూడు ప్రశ్నలతో ఆ గదుల ముందు నడిస్తే, ఒక ఇంటి ఇల్లాలి నడుము ఎప్పుడు నిటారైందో తెలుస్తుంది.

అక్కడున్న లోవెల్ రైలు స్టేషన్‌కు ఒక ముచ్చట ఉంది. బర్లింగ్టన్ రైలు కంపెనీ నెబ్రాస్కాలో పట్టాలు వేస్తూ పోయినప్పుడు ఊళ్లకు ఇంగ్లిషు అక్షరక్రమంలో పేర్లు పెట్టుకుంటూ పోయింది. క్రీట్, డార్చెస్టర్, ఎక్సెటర్, ఫెయిర్‌మాంట్, గ్రాఫ్టన్, హార్వర్డ్, ఇన్‌లాండ్, జునియాటా, కెనెసా, లోవెల్. ఊళ్లు ఏర్పడి వాటికి రైలు రావడం మన అనుభవం. ఇక్కడ రైలు ముందు, పేరు తర్వాత, మనుషులు ఆఖరున. వరుస చివర ఉన్న లోవెల్ తర్వాత క్షీణించింది, దాని స్టేషన్ ఇప్పుడు మ్యూజియంలో ఉంది.

ఇంతకీ మిండెన్‌కు ఎవరు వెళ్లాలి? యంత్రాలంటే ఇష్టమున్నవారు, పాత ట్రాక్టరును చూస్తే బోనెట్ ఎత్తి చూడాలనిపించేవారు తప్పకుండా వెళ్లాలి, వారికి ఒక రోజు చాలదు. తక్కినవారికి వస్తువుల రాశి బరువైపోతుంది. పాత పద్ధతి మ్యూజియం కాబట్టి వివరణలు తక్కువ, మూలవాసుల కథ ఇంకా తక్కువ. మోకాళ్ల నొప్పులున్న పెద్దలను తీసుకెళ్తే రెండు మూడు భవనాలు ముందే ఎంచుకుని, తక్కినవి వదిలేయడమే మేలు.

బ్రోకెన్ బౌ దూరం. గ్రాండ్ ఐలండ్ నుంచి వాయవ్యంగా రెండో నంబరు రాష్ట్ర రహదారి మీద దాదాపు ఎనభై మైళ్లు వెళ్లాలి. జిల్లా చరిత్ర సంఘం నడిపే ఈ చిన్న మ్యూజియంలో పెద్ద భవనాలు లేవు, కొలిమి లేదు. ఇక్కడికి వెళ్లడానికి ఒక్కటే కారణం, అది చాలు: సాలమన్ బుచర్ ఛాయాచిత్రాలు. 1880లో కస్టర్ కౌంటీకి వచ్చిన బుచర్‌కు సాగు చేతకాలేదు. 1886లో బండి మీద కెమెరా పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతూ, ప్రతి కుటుంబాన్నీ వారి మట్టి ఇంటి ముందు నిలబెట్టి ఫోటో తీయడం మొదలుపెట్టాడు. మూడు వేలకు పైగా తీశాడు. 1899లో ఇల్లు కాలిపోయి రాసుకున్నదంతా బూడిదైనా, వేరే చోట ఉంచిన గాజు పలకలు మిగిలాయి. ఆ పలకలు ఇప్పుడు లింకన్‌లో రాష్ట్ర చరిత్ర సంస్థ దగ్గర ఉన్నాయి, వాటి ప్రతులను వాటిలో కనిపించే నేల మీదే చూడటం బ్రోకెన్ బౌ ప్రత్యేకత.

ఈ ఫోటోలు అర్థం కావాలంటే గడ్డిపెళ్లల ఇల్లు ఎలా కట్టేవారో తెలియాలి. చెట్లు లేని మైదానంలో కొయ్య దొరకదు. కాబట్టి వేళ్లు గట్టిగా అల్లుకున్న గడ్డినేలను ప్రత్యేకమైన నాగలితో పట్టీలుగా కోసి, అడుగు వెడల్పు, రెండు మూడడుగుల పొడవున్న పెళ్లలుగా నరికి, గడ్డి వైపు కిందకు ఉండేలా ఇటుకల్లా పేర్చేవారు. గోడ మందం రెండు మూడు అడుగులు. వేసవిలో చల్లదనం, చలికాలంలో వెచ్చదనం రెండూ ఉండేవి, వాన వస్తే మాత్రం కష్టాలు మొదలయ్యేవి. పైకప్పు నుంచి మట్టి, ఒక్కోసారి పాములు పడకుండా లోపల గుడ్డ కట్టుకునేవారు. వంటచెరకు లేక ఎండిన పేడ, మొక్కజొన్న బెండ్లు కాల్చేవారు. పొయ్యిలో పేడ వేయవలసి వచ్చినందుకు తూర్పు రాష్ట్రాల నుంచి వచ్చిన ఆడవాళ్లు మొదట్లో ఎంతో బాధపడేవారట. పిడకల దాలి మీద పాలు కాగిన ఇళ్లలో పుట్టినవారికి ఆ బాధ వింతగా తోస్తుంది.

మా అమ్మ అనంతపురం జిల్లాలో చవుడు మిద్దె కింద పెరిగింది. సిల్వెస్టర్ రాడింగ్ కుటుంబం 1886లో తీయించుకున్న ఫోటో ముందు ఆమె చాలాసేపు నిలబడింది. ఇంటి బయట బల్ల, బల్ల మీద కోసిన పుచ్చకాయ, చుట్టూ కుటుంబం, వెనక దిబ్బలోకి తొలిచి కట్టిన ఇల్లు. దిబ్బ మీద మేస్తున్న ఆవు ఇంటి కప్పు మీదే నిలబడినట్టు కనిపిస్తుంది. అమ్మ ఆవును చూడలేదు, పుచ్చకాయను చూడలేదు. కప్పు మీద మొలిచిన గడ్డినే చూసి, "వానొస్తే ఇది మన మిద్దె మాదిరే ఉరుస్తాది కదా నాయనా, గిన్నెలు ఎన్ని పెట్టుకునేవాళ్లో" అంది. అంతకు ముందు చూసిన ఏ ప్రదర్శనలోనూ ఆమెకు ప్రశ్న పుట్టలేదు. పల్లెలో పెరిగిన తల్లిదండ్రులు ఇండియా నుంచి వచ్చినప్పుడు వారిని ఎక్కడికి తీసుకెళ్లాలని అడిగేవారికి, దూరమైనా బ్రోకెన్ బౌకే తీసుకెళ్లమని నేను చెప్పడానికి కారణం ఇదే.

ఆ ఫోటోల్లో మరొకటి వలస వచ్చిన మనవారందరూ చూడదగ్గది. హిల్టన్ కుటుంబం ఇంట్లోని ఆర్గాన్ వాద్యాన్ని దొడ్లోకి ఈడ్చుకొచ్చి, దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకుంది. మట్టి ఇల్లు ఫోటోలో పడితే ఊళ్లోని బంధువులు ఏమనుకుంటారోనని ఆ ఇల్లాలి దిగులట. ఇంటికి పంపే ఫోటోలో ఏది కనబడాలి, ఏది కనబడకూడదు అన్న ఆలోచన సముద్రాలు దాటిన ప్రతివారికీ తెలుసు. పెళ్లికాని నలుగురు క్రిస్మన్ అక్కచెల్లెళ్లు తమ మట్టి ఇంటి ముందు ధైర్యంగా నిలబడిన 1886 నాటి ఫోటో, బానిసత్వం నుంచి బయటపడి వెస్టర్‌విల్ దగ్గర సాగు చేసిన షోర్స్ కుటుంబం ఫోటో కూడా అడిగి చూడండి.

బ్రోకెన్ బౌ దాకా వెళ్లినవారు అదే కౌంటీలో కామ్‌స్టాక్ దగ్గరున్న డౌస్ గడ్డిపెళ్లల ఇంటిని చూడకుండా తిరిగి రావద్దు. 1900లో కట్టిన ఆ ఇంట్లో 1959 దాకా కుటుంబం కాపురముంది. నమూనా కాదు, నిజమైన ఇల్లు, దాని చోటనే ఉంది. గోడల మందం వల్ల కిటికీలు లోతైన గూళ్లలా ఉంటాయి. అలాంటి గూళ్లలోనే ఆ కాలపు స్త్రీలు చలికాలమంతా పూల కుండీలు పెట్టి బతికించుకునేవారు.

ఇక ఎంపిక విషయం. ఒక్క పూటే ఉండి, పెద్దవారే వెళ్తుంటే బియాట్రిస్. ఖర్చు లేదు, రెండు మూడు గంటల్లో ముగుస్తుంది, అసలు ఈ వలస అంతా ఏ కాగితం మీద నడిచిందో అక్కడే తేలుతుంది. పదేళ్ల లోపు పిల్లలుంటే, అదీ వేసవి అయితే, గ్రాండ్ ఐలండ్ తప్ప మరొకటి ఆలోచించనక్కరలేదు, కనీసం నాలుగు గంటలు ఉంచుకోండి. ఇంజినీరింగ్ చదివే విద్యార్థులు నలుగురు కలిసి కారులో వెళ్తుంటే మిండెన్. రెండు రోజులుంటే మొదటి రోజు ఉదయం లింకన్ నుంచి బియాట్రిస్ చూసుకుని సాయంత్రానికి గ్రాండ్ ఐలండ్ చేరి, మరునాడు బ్రోకెన్ బౌ, కామ్‌స్టాక్ చూడటం నాకు తెలిసినంతలో ఉత్తమమైన దారి. అలా చేస్తే మొదట చట్టం, తర్వాత దాని కింద బతికిన మనుషుల ముఖాలు కనబడతాయి. తిరగేసి చూస్తే ముఖాల వెనక కథ అందదు. స్టూర్, మిండెన్ రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు. రెండో చోటికి చేరేసరికి కళ్లు అలసిపోయి ఏదీ లోపలికి ఎక్కదు.

నవంబరు నుంచి ఏప్రిల్ మధ్య వెళ్లేవారు వాతావరణ సూచన చూడకుండా బయలుదేరవద్దు. 1888 జనవరి 12న వెచ్చగా మొదలైన రోజు మధ్యాహ్నానికి మంచు తుపానుగా మారి, బడి నుంచి ఇంటికి బయలుదేరిన పిల్లలెందరినో బలితీసుకుంది ఈ మైదానంలోనే. ఫ్రీమన్ స్కూల్ లాంటి ఒంటిగది బడుల కిటికీలోంచి బయటకు చూసినప్పుడు ఆ రోజు గుర్తుకు రావాలి. ఇప్పటికీ ఆ గాలి అంతే వేగంగా మారుతుంది, చిన్న రహదారుల మీద పెట్రోలు బంకులు దూర దూరంగా ఉంటాయి. చిన్న ఊళ్ల మ్యూజియంలు చాలావరకు స్థానిక స్వచ్ఛంద కార్యకర్తల మీద నడుస్తాయి కాబట్టి, బ్రోకెన్ బౌకు వెళ్లేముందు ఒక రోజు ముందుగా ఫోన్ చేసి, బుచర్ ఫోటోలు చూడటానికే వస్తున్నామని, పెద్దవారు వెంట ఉన్నారని చెప్పండి. తలుపు తీసే మనిషి ఆ ప్రాంతపు రైతు కుటుంబాల నుంచి వచ్చినవారే అయి ఉండవచ్చు. ఫోటోలోని ఇల్లు ఎటువైపు ఉండేదో అడిగితే కిటికీలోంచి చేయి చాపి చూపిస్తారు.